దగ్గరకు తీసుకోండి



ఈ రోజు నా ప్రసంగం ఆప్యాయమైన స్పర్శ గురించి. అమ్మ ఒడి, నాన్న భుజం, తల నిమిరే అమ్మమ్మ చెయ్యి, స్నేహితుడి కౌగిలి. వీటన్నిటినీ మనం ముద్దుముచ్చట్ల కింద జమకడతాం. ఉంటే మంచిదే, లేకపోయినా రోజు గడిచిపోతుంది అనుకుంటాం. అది నిజం కాదని చెప్పడానికే మీ ముందుకు వచ్చాను. మనిషికి తిండీ నిద్రా ఎంత అవసరమో, సాటి మనిషి స్పర్శ కూడా అంత అవసరం. పుట్టిన క్షణం నుంచి కన్నుమూసే దాకా ఉండే అవసరం అది. మన ఇళ్లలో పసిపిల్లలకు దీన్ని దోసిళ్లతో ఇస్తాం. ఆ తర్వాత ఏడాదికేడాది చెయ్యి వెనక్కి తీసుకుంటాం. ఎవరికి ఎక్కువ కావాలో, సరిగ్గా వాళ్ల దగ్గరే పిసినారితనం చూపిస్తాం. ఈ తీరు మారాలి.

ముందుగా ఒక ఆసుపత్రి సంగతి చెబుతాను. దక్షిణ అమెరికాలో కొలంబియా అనే దేశం ఉంది. దాని రాజధాని బొగోటా. అది 1978వ సంవత్సరం. అక్కడి ప్రసూతి ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టే పిల్లలు ఎక్కువ, వాళ్లను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లు తక్కువ. ఒకే పెట్టెలో ఒకరికి మించి పిల్లల్ని పడుకోబెట్టాల్సిన పరిస్థితి. ఒకరి నుంచి ఒకరికి ఇన్ఫెక్షన్లు అంటుకునేవి. ఎడ్గర్ రేయ్ అనే పిల్లల డాక్టరు అప్పుడు ఒక మార్గం ఆలోచించారు. మరుసటి ఏడు హెక్టర్ మార్టినెజ్ అనే మరో డాక్టరు ఆయనకు తోడయ్యారు. వాళ్లు చేసిందల్లా బిడ్డను తీసుకెళ్లి తల్లి గుండెల మీద పెట్టడమే.

బిడ్డకు డైపరు, నెత్తికి టోపీ, కాళ్లకు మేజోళ్లు తప్ప మరే బట్టా ఉండదు. తల్లి రొమ్ముల మధ్య నిలువుగా, బోర్లా ఆనించి, పైనుంచి గుడ్డతో కట్టేస్తారు. తల్లి ఒంటి వేడే బిడ్డకు వెచ్చదనం. ఆకలేస్తే పాలు అక్కడే. నిద్ర వస్తే తల్లి గుండె చప్పుడు వింటూ నిద్ర. కంగారూ జంతువు పిల్లను పొట్ట సంచిలో మోసినట్టు ఉంటుంది కాబట్టి దీనికి కంగారూ మదర్ కేర్ అని పేరు వచ్చింది. యంత్రాలు చాలక మొదలుపెట్టిన ఈ పద్ధతి, యంత్రాలు పుష్కలంగా ఉన్న దేశాలకు కూడా పాకింది.

ఇది ఎంత మేలు చేస్తుందో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పెద్ద పరిశోధన నడిపించింది. ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా, మన దేశం, ఈ 5 దేశాల్లో ఒక్కో ఆసుపత్రిని ఎంచుకున్నారు. మన దేశం నుంచి ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. కిలో నుంచి కిలో 800 గ్రాముల లోపు బరువుతో పుట్టిన 3,211 మంది పసికందులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు అప్పటికి అమల్లో ఉన్న పద్ధతి పాటించారు. ముందు ఇంక్యుబేటరో వార్మరో, బిడ్డ ప్రాణం కుదుటపడ్డాకే తల్లి దగ్గరకు. రెండో జట్టును పుట్టిన వెంటనే, ఒకపక్క వైద్యం సాగుతుండగానే, తల్లి గుండెల మీదకు చేర్చారు. రోజులో సగటున 17 గంటల దాకా అలాగే ఉంచారు. ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. మొదటి జట్టులో 28 రోజుల్లోపు నూటికి 15.7 మంది చనిపోతే, రెండో జట్టులో 12 మంది చనిపోయారు. అంటే జరగవలసిన మరణాల్లో నాలుగో వంతు ఆగాయి. తేడా ఎంత స్పష్టంగా కనబడిందంటే, ఆ పరిశోధనను అనుకున్న గడువు కంటే ముందే ఆపేశారు. ఇంత మేలు చేసేదాన్ని మిగతా పిల్లలకు అందకుండా ఉంచడం న్యాయం కాదన్నారు. 2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సూచనలనే మార్చింది. నెలలు నిండని బిడ్డను, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను, పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించమని చెప్పింది.

ఇందులో స్పర్శ ఒక్కటే పని చేసిందని నేను అనను. తల్లిపాలు త్వరగా అందాయి, ఒంటి వేడి నిలిచింది, ఇన్ఫెక్షన్లు తగ్గాయి, తల్లి కన్ను బిడ్డ మీద నిలిచింది. కానీ అన్నీ మొదలైంది మాత్రం దగ్గరకు తీసుకోవడంతోనే.

తల్లికి ఆపరేషన్ అయి, లేవలేని స్థితిలో ఉంటే? తండ్రి చొక్కా విప్పి బిడ్డను తన ఛాతీకి ఆనించుకోవచ్చు. అమ్మమ్మ చేయవచ్చు, పిన్ని చేయవచ్చు. మన ఊళ్లలో మగవాళ్లు పురిటి గది గుమ్మం దగ్గరే ఆగిపోతారు. "నాకు పట్టుకోవడం చేతకాదు, మెడ నిలవని బిడ్డ" అంటారు. భయపడకండి. నర్సు దగ్గరుండి నేర్పిస్తుంది. ఆ కాసేపట్లో బిడ్డకు ఎంత మేలో తండ్రికీ అంత మేలు.

పసిపిల్లల సంగతి వచ్చింది కాబట్టి మన ఇంటి ముచ్చట ఒకటి. కాళ్లు చాపి పీట మీద కూర్చుని, బిడ్డను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, ఒళ్లంతా నూనె రాసి, చేతులూ కాళ్లూ మెల్లగా సాగదీసి, సున్నిపిండితో నలుగు పెట్టి, గోరువెచ్చని నీళ్లు పోయడం మన అమ్మమ్మలకు వెన్నతో పెట్టిన విద్య. ఫ్రెడరిక్ లెబోయే అనే ఫ్రెంచి డాక్టరు కలకత్తాలో ఒక తల్లి ఇలా బిడ్డకు నూనె రాయడం చూసి ముగ్ధుడై, 1976లో దాని మీద ఒక పుస్తకమే తెచ్చారు. దాని పేరు శాంతలా. ఆ తర్వాత పదేళ్లకు, 1986లో, అమెరికాలో టిఫనీ ఫీల్డ్ అనే శాస్త్రవేత్త నెలలు నిండని పిల్లలకు రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి 15 నిమిషాల చొప్పున, 10 రోజులు ఒళ్లు నిమిరించి చూశారు. పాలు పిల్లలందరికీ ఒకేలా పట్టినా, ఒళ్లు నిమిరిన పిల్లలు మిగతావాళ్లకంటే రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. మన పెద్దల చేతుల్లో ఉన్న విద్యకు లోకం ఇచ్చిన యోగ్యతాపత్రం అది. చెవుల్లో ముక్కుల్లో నూనె వేయడం, ముక్కు పట్టి లాగడం, గది నిండా సాంబ్రాణి పొగ వేయడం మానేసి, మిగతాది నిశ్చింతగా కొనసాగించండి.

ఇంతకీ స్పర్శలో ఏముంది? చెయ్యి తగిలితే ప్రాణం ఎందుకు కుదుటపడుతుంది?

తల్లి కడుపులో బిడ్డకు చూపు కన్నా, వినికిడి కన్నా ముందు మేలుకొనేది స్పర్శ. ఎనిమిదో వారం నాటికే పెదవుల దగ్గర తాకితే పిండం కదులుతుంది. మన చర్మంలో తాకిడి కబురును మోసే నరాలు ఒక్క రకం కాదు. ఒక రకం చాలా వేగంగా పరిగెత్తుతాయి. తగిలింది ఏమిటి, ఎక్కడ తగిలింది, గరుకా నునుపా అనే సమాచారం అవి చెబుతాయి. ఇంకో రకం నరాలు నింపాదిగా నడుస్తాయి. సెకనుకు ఇంచుమించు ఒక్క మీటరే వాటి వేగం. వాటిని సి-టాక్టైల్ నరాలు అంటారు. మనుషుల్లో ఇవి ఎలా పని చేస్తాయో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రవేత్తలు శ్రద్ధగా పరిశీలించారు. ముంజేయి, వీపు, బుగ్గల వంటి నూగు ఉండే చర్మంలో ఇవి ఉంటాయి. గట్టిగా గుద్దితే పట్టించుకోవు, చటుక్కున రాసుకుపోతే పట్టించుకోవు. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, ఒంటి వెచ్చదనం ఉన్న చెయ్యి మెల్లగా నిమిరితే మాత్రం చక్కగా పలుకుతాయి. ఆ కబురు మెదడులో మనసు అనుభూతులతో ముడిపడిన భాగానికి చేరుతుంది. ఇక్కడ ఒక అద్భుతం ఉంది. ఎవరూ నేర్పకపోయినా, తల్లిదండ్రులు బిడ్డ వీపు నిమిరేటప్పుడు వాళ్ల చెయ్యి కదిలే వేగం సరిగ్గా ఇదే. ఆప్యాయతను అందుకోవడానికి మన ఒంట్లో విడిగా ఒక దారే ఉందన్నమాట.

ఆ దారిలో ఎవరూ నడవకపోతే ఏమవుతుందో కూడా లోకం చూసింది.

అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950లలో కోతిపిల్లలను తల్లుల నుంచి వేరుచేసి పెంచారు. రెండు బొమ్మ తల్లులను పెట్టారు. ఒకటి ఉత్త ఇనుప తీగతో చేసింది, ఇంకోటి మెత్తని గుడ్డ చుట్టింది. పాలసీసా ఇనుప తల్లికి తగిలించినా, పిల్లలు పాలు తాగినంతసేపే అక్కడ ఉండి, మిగతా పొద్దంతా గుడ్డ తల్లినే కరుచుకుని ఉండేవి. భయం వేస్తే పరుగెత్తేది గుడ్డ తల్లి దగ్గరకే. పాలిచ్చేవాళ్లనే పిల్లలు ప్రేమిస్తారన్న అప్పటి వాదం దీంతో కూలిపోయింది. ఆ మూగజీవాలను అంత హింస పెట్టి ఉండాల్సింది కాదు. కనీసం అవి చెప్పిన నిజాన్ని మనం మరిచిపోకూడదు.

రుమేనియా దేశంలో ఇదే బాధ మనిషి పిల్లలు అనుభవించారు. 1989లో అక్కడి నియంత చౌషెస్కు పాలన కూలినప్పుడు లక్షకు పైగా పిల్లలు ప్రభుత్వ అనాథాలయాల్లో ఉన్నారు. వరసగా మంచాలు, వాటిలో పసివాళ్లు, అంతమందికీ కొద్దిమంది ఆయాలు. పాలసీసా నోటికి అందించడమే తప్ప ఎత్తుకునేవాళ్లు లేరు. చాలామంది పిల్లలు ఏడవడం కూడా మానేశారు. ఏడిస్తే ఎవరూ రారని వాళ్లకు తెలిసిపోయింది. 2000వ సంవత్సరంలో బుకారెస్ట్ నగరంలో పరిశోధకులు అలాంటి 136 మంది పిల్లలను తీసుకుని, సగం మందిని మంచి పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. ఆ ఇళ్లకు వెళ్లిన పిల్లలు పొడవు పెరిగారు, తెలివి పెరిగింది, మనుషులతో అనుబంధం కుదిరింది. రెండేళ్లలోపే వెళ్లినవాళ్లు మరింత బాగా కోలుకున్నారు. ఆ అనాథాలయాల్లో కరువైంది స్పర్శ ఒక్కటే కాదు, మాట, ఆట, తనది అనుకునే మనిషి, అన్నీ కరువే. కానీ ఈ లోట్లన్నీ పసివాడికి మొదట తెలిసేది చర్మానికే. తనను ఎవరూ ఎత్తుకోవడం లేదన్నది వాడికి అందిన మొదటి కబురు.

సరే, ఇదంతా పిల్లల సంగతి. పెద్దవాళ్లకు ఇవన్నీ ఎందుకు అంటారా?

అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలో షెల్డన్ కోహెన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు కలిసి ఆరోగ్యంగా ఉన్న 404 మందిని తీసుకున్నారు. వరసగా 14 రోజులు సాయంత్రం పూట ఫోన్ చేసి, ఈ రోజు ఎవరితోనైనా గొడవ అయిందా, ఎవరైనా మిమ్మల్ని కౌగిలించుకున్నారా అని అడిగారు. ఆ తర్వాత వాళ్ల అనుమతితోనే ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి, విడిగా ఉంచి గమనించారు. గొడవలతో సతమతమయ్యేవాళ్లకు జబ్బు తేలిగ్గా అంటుకుంటుందని ముందే తెలుసు. కానీ తనవాళ్ల ఆదరణ, తరచుగా కౌగిళ్లు అందుకునేవాళ్లలో ఆ ముప్పు తగ్గింది. ఆదరణ ఇచ్చిన రక్షణలో మూడో వంతు దాకా ఆ కౌగిళ్ల చలవే. 2015లో అచ్చయిన ఈ ఫలితం ఒక మాట చెబుతోంది. ఇంట్లో మాటపట్టింపులు వచ్చిన రోజునే కౌగిలి ఎక్కువ అవసరం. మనం మాత్రం ఆ రోజునే మొహం తిప్పుకుని పడుకుంటాం.

2006లో జేమ్స్ కోన్ అనే మరో శాస్త్రవేత్త పెళ్లయిన 16 మంది ఆడవాళ్లను మెదడు స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, కాలి చీలమండ దగ్గర చిన్న కరెంటు షాక్ తగలవచ్చని చెప్పారు. ఒంటరిగా ఉన్నప్పుడు మెదడులో భయం రేగింది. ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకుంటే కొంత తగ్గింది. భర్త చెయ్యి పట్టుకుంటే ఇంకా బాగా తగ్గింది. కాపురం ఎంత అన్యోన్యంగా ఉంటే అంత ఎక్కువగా తగ్గింది. ఆపరేషన్ థియేటర్ గుమ్మం దాకా చెయ్యి పట్టుకుని నడిచే మనిషి మాటలేమీ చెప్పనక్కర్లేదు. ఆ చెయ్యే సగం ధైర్యం.

2024లో జర్మనీ, నెదర్లాండ్స్ పరిశోధకులు ఇలాంటి 137 పరిశోధనలను, దాదాపు 13 వేల మంది వివరాలను ఒక్కచోట చేర్చి లెక్క తేల్చారు. ఆప్యాయమైన స్పర్శ పెద్దవాళ్లలో నొప్పిని, ఆందోళనను, దిగులును తగ్గిస్తుందని గట్టిగా తేలింది. ఎంతసేపు అన్నదానికంటే ఎంత తరచుగా అన్నదే ముఖ్యమని కూడా తేలింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కన్నా జబ్బుతో ఉన్నవాళ్ల మనసుకే దీని మేలు ఎక్కువ. పసివాళ్లకు మాత్రం నర్సు చెయ్యి కన్నా అమ్మానాన్నల చెయ్యే ఎక్కువ పని చేసింది. రోజుకు నాలుగు కౌగిళ్లు కావాలి, పన్నెండు కావాలి అని ఫోన్లలో తిరిగే లెక్కలను మీరు పట్టించుకోనక్కర్లేదు. పొద్దున పనికి వెళ్లేటప్పుడు భుజం మీద చెయ్యి, సాయంత్రం రాగానే దగ్గరకు తీసుకోవడం, పడుకునే ముందు ఒకసారి తల నిమరడం. ఇవి రోజూ ఉంటే చాలు.

అలాగని చెయ్యి తగిలితే రోగం కుదిరిపోతుందని నేను చెప్పడం లేదు. మందు వేసుకోవలసినవాళ్లు వేసుకోవలసిందే. దిగులు జబ్బుకు డాక్టరును కలవవలసిందే. స్పర్శ మందుకు బదులు కాదు, మందుకు తోడు.

ఇక మన సంగతికి వద్దాం. తెలుగువాళ్లకు స్పర్శ కొత్త కాదు. మన బతుకులో అడుగడుగునా అది ఉంది. గోరుముద్దలు తినిపించడంలో ఉంది. జడ వేయడంలో ఉంది. పండగనాటి తలంటులో ఉంది. దిష్టి తీసి, బుగ్గలు తడిమి, కణతల దగ్గర మెటికలు విరిచే నాయనమ్మ చేతుల్లో ఉంది. పెళ్లిలో వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టడంలో, పాణిగ్రహణంలో ఉంది. తెలంగాణ పల్లెల్లో దసరా నాడు జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి, అలయ్ బలయ్ ఇచ్చుకోవడంలో ఉంది. ఏడాదంతా మాట్లాడుకోని దాయాదులు కూడా ఆ సాయంత్రం ఛాతీకి ఛాతీ ఆనించి కలిసిపోతారు. రంజాన్ నాడు హైదరాబాదు వీధుల్లో ముస్లిం సోదరులు ఆలింగనం చేసుకోవడంలోనూ ఉన్నది అదే. సీత జాడ తెచ్చిన హనుమంతుడికి ఇవ్వడానికి అడవిలో ఉన్న రాముడి దగ్గర ఏముంది? తన సర్వస్వంగా ఆలింగనాన్ని ఇచ్చాడు. చిరుగుల బట్టలతో గుమ్మంలోకి వచ్చిన కుచేలుణ్ని కృష్ణుడు ముందు కౌగిలించుకున్నాడు, ఆ తర్వాతే అటుకుల సంగతి అడిగాడు.

ఇంత ఉండి కూడా మనం ఎక్కడ ఆగిపోతున్నాం? మూడు చోట్ల.

మొదటిది, ఎదిగే కొడుకుల దగ్గర. ఏడెనిమిదేళ్ల దాకా నాన్న భుజాల మీద ఊరేగిన పిల్లాడికి, మీసకట్టు వచ్చేసరికి ఆ భుజం దూరమైపోతుంది. "మగపిల్లాడివి, పెద్దవాడివయ్యావు" అంటాం. ఆ తర్వాత తండ్రి చెయ్యి వాడి మీద పడేది మార్కులు తగ్గినప్పుడే. ఇంటర్ హాస్టల్లో తెల్లవారుజామున లేచి పుస్తకం ముందు కూర్చునే పిల్లాడి గురించి ఆలోచించండి. నెలకోసారి చూడటానికి వెళ్లిన నాన్న, గేటు దగ్గర అడిగే మొదటి ప్రశ్న టెస్టులో ఎంత వచ్చిందని. దయచేసి ముందు వాణ్ని దగ్గరకు తీసుకోండి. వీపు మీద చెయ్యి వేసి కాసేపు ఊరుకోండి. మార్కులు తర్వాత అడగవచ్చు, అడగకపోయినా ఫరవాలేదు. ఆడపిల్ల విషయంలోనూ అంతే. పెద్దమనిషి అయిన రోజు నుంచి ఆ పిల్లను దూరంగా కూర్చోబెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఒంట్లో వచ్చిన మార్పుకు బెదిరిపోయి ఉన్న పిల్లకు ఆ రోజు కావలసింది దూరం కాదు, అమ్మ ఒడి.

రెండోది, వృద్ధుల దగ్గర. తోడు పోయిన తర్వాత ఒక పెద్దాయన ఒంటిని ఆప్యాయంగా తాకే మనిషి ఎవరు? బీపీ చూసే నర్సు, గడ్డం గీసే మంగలి. అంతకుమించి ఎవరున్నారు? మనం వాళ్లకు టైముకు మాత్రలు ఇస్తాం, కాఫీ ఇస్తాం, గుమ్మంలోంచే "బాగున్నావా" అని అడుగుతాం. ఏళ్లు గడిచినా మంచం మీద పక్కన కూర్చుని ఆ చెయ్యి చేతిలోకి తీసుకోం. కరోనా రోజుల్లో ఈ కొరత లోకమంతటికీ తెలిసివచ్చింది. బ్రెజిల్ దేశంలో సావో పౌలో నగరంలోని ఒక వృద్ధాశ్రమంలో, 2020 ఆగస్టులో, ప్లాస్టిక్ తెర అడ్డం పెట్టి, అందులోంచి చేతులు దూర్చి వృద్ధులను కౌగిలించుకునే ఏర్పాటు చేశారు. 85 ఏళ్ల ఒక అవ్వను ఒక నర్సు అలా హత్తుకుంది. 5 నెలల్లో ఆ అవ్వకు దక్కిన మొదటి కౌగిలి అది. డెన్మార్క్‌కు చెందిన మ్యాడ్స్ నిస్సెన్ తీసిన ఆ ఫోటో 2021లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో ఆ ఏటి మేటి చిత్రంగా నిలిచింది. ఆ కరోనా తెరలు పోయాయి. మన ఇళ్లలో కళ్లకు కనబడని తెరలు మాత్రం అలాగే ఉన్నాయి.

మూడోది, జబ్బుపడ్డవాళ్ల దగ్గర, మనం తక్కువవాళ్లనుకునేవాళ్ల దగ్గర. కుష్ఠు వ్యాధి వచ్చిందని అందరూ వెలివేసిన పర్చూరే శాస్త్రి అనే సంస్కృత పండితుణ్ని గాంధీజీ సేవాగ్రామ్‌లో తన కుటీరం పక్కనే ఉంచుకున్నారు. తన చేతులతోనే పుళ్లు కడిగారు, ఒళ్లు ఒత్తారు. 1987లో లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో, ముట్టుకుంటే ఎయిడ్స్ వస్తుందని లోకం వణికిపోతున్న రోజుల్లో, బ్రిటన్ యువరాణి డయానా తొడుగు లేని చేత్తో రోగికి కరచాలనం చేశారు. లక్ష కరపత్రాలు చేయలేని పని ఆ ఒక్క చెయ్యి చేసింది. తాకకపోవడమే ఆచారంగా తరతరాలు మనుషులను ఊరవతల నిలబెట్టిన దేశం మనది. మన రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. కానీ చట్టం చేతిని ఆపగలదే తప్ప, ప్రేమగా చాచేలా చేయలేదు. ఆ పని మనమే చేయాలి. ఇంట్లో పనిచేసే మనిషి గ్లాసు వేరుగా పెట్టే ఇంట్లో ఎన్ని కౌగిళ్లు ఉన్నా ఆ ఇంటికి ఆప్యాయత తెలియదనే నేనంటాను.

ఇప్పుడు అంతే ముఖ్యమైన ఇంకో మాట. ప్రతి కౌగిలీ ప్రేమ కాదు. మన భారతంలోనే ధృతరాష్ట్ర కౌగిలి ఉంది. భీముణ్ని పిండి చేసేయాలని చేతులు చాచాడా ముసలి రాజు. కృష్ణుడు ఇనుప బొమ్మను ముందుకు తోయబట్టి భీముడు బతికాడు. స్పర్శ మేలు చేసేది అవతలి మనిషికి ఇష్టమైనప్పుడే. ఇష్టం లేని చెయ్యి ఒంటిని బిగుసుకునేలా చేస్తుంది, మనసుకు గాయం చేస్తుంది. చుట్టాలు వచ్చినప్పుడు, "మామయ్యకు ముద్దు పెట్టు, తాతయ్య ఒడిలో కూర్చో" అని పిల్లలను బలవంతపెట్టకండి. వద్దన్న పిల్లను పొగరు అనకండి. నమస్కారం పెడితే చాలదా? తన ఒంటి మీద హక్కు తనదేనని పిల్లలకు మన ఇంట్లోనే తెలియాలి. మంచి స్పర్శ ఏదో, చెడు స్పర్శ ఏదో బడిలో చెబుతున్నారు. ఇంట్లో కూడా చెప్పండి. ఎవరైనా తప్పుగా తాకారని బిడ్డ చెబితే ముందు నమ్మండి. పిల్లలను కాపాడటానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం ఉంది, 1098 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. ఇంకో మాట. కొందరికి, ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు కూడా, ఎవరైనా హత్తుకుంటే భరించలేనంత ఇబ్బందిగా ఉంటుంది. వాళ్లకు పక్కన కూర్చోవడమే ఆప్యాయత. దగ్గరకు తీసుకునే ముందు ఒక చూపు, ఒక మాట, "రానా?" అని ఒక ప్రశ్న. ప్రేమకు అదే మర్యాద.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, ఇక్కడ ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులు ఈ ప్రసంగం వింటూ ఉండవచ్చు. వీడియోలో మొహం కనబడుతుంది కానీ చెయ్యి అందదు. ఆ లోటు నాకు తెలుసు. మీ ఈడు స్నేహితులను దగ్గర చేసుకోండి. గుడి మెట్ల మీద, పార్కులో, పక్కింటి అరుగు మీద చెయ్యీ చెయ్యీ కలిపి కూర్చోండి. ఎదురింటి పసివాణ్ని కాసేపు మీ ఒళ్లో పెట్టమనండి. ఆ తల్లికి తీరిక, మీకు వెచ్చదనం. ఒంటరితనం మరీ కుంగదీస్తే 14567కు ఫోన్ చేయండి. అది పెద్దవాళ్ల కోసం పెట్టిన ఉచిత నంబరు. విదేశాల్లో ఉన్న పిల్లలకు కూడా ఒక మాట. వచ్చిన నాలుగు వారాల్లో బ్యాంకు పనులు, రిజిస్ట్రేషన్ పనులు, పెళ్లిళ్లు ఎలాగూ ఉంటాయి. రోజూ ఒక్క పూట అమ్మ తలకు నూనె రాయండి. నాన్న కాళ్లు ఒత్తండి. మీరు పంపే ఏ వస్తువూ దానికి సాటి రాదు.

శ్రోతలారా, నేను కోరేది పెద్ద పని కాదు. దానికి డబ్బు అక్కర్లేదు, డాక్టరు చీటీ అక్కర్లేదు. ఈ ప్రసంగం అయ్యాక రేడియో కట్టేసి, మీ ఇంట్లో చాలాకాలంగా ఎవరూ దగ్గరకు తీసుకోని మనిషి ఎవరో ఒకసారి ఆలోచించండి. అది మంచం పట్టిన అత్తగారు కావచ్చు, పరీక్ష తప్పిన కొడుకు కావచ్చు, పదేళ్లుగా మాట తప్ప స్పర్శ ఎరగని భార్యో భర్తో కావచ్చు. వాళ్ల దగ్గరకు వెళ్లండి. వాళ్లకు ఇష్టమేనా అని చూసి, భుజం మీద చెయ్యి వేయండి, అక్కున చేర్చుకోండి. ఈ రోజు చేయండి, రేపూ చేయండి, ఇంటి అలవాటుగా మార్చండి.